పిల్ల వయసు ఎక్కడ రాసి ఉంది?



ఈ నివేదిక ముందు పేజీల్లో మన పొదుపు, బ్యాంకు లింకేజీ, స్త్రీనిధి వాయిదాల లెక్కలు ఉన్నాయి. ఈ నాలుగు పేజీలు మన పిల్లల గురించి. చిన్న వయసు పెళ్ళిళ్ళు, పిల్లల కూలి, పిల్లల మీద జరిగే అఘాయిత్యాలు, వీటి మీద మన సమావేశాల్లో ఎప్పుడు మాట్లాడినా ఎవరో ఒకరు ఒక మాట అంటారు. "చట్టాలు మొన్న మొన్న వచ్చినాయి, మన పద్ధతులు తాతల కాలం నుంచి ఉన్నాయి" అని. ఆ మాట సగమే నిజం. ఈ చట్టాల వెనక నూరేళ్ళకు పైబడిన కొట్లాట ఉంది. అందులో మన తెలుగోళ్ళు ఉన్నారు, ఆడవాళ్ళు ఉన్నారు, పదేళ్ళ పసిపిల్లలు కూడా ఉన్నారు. నేను పదో తరగతి వరకే చదివినాను. శిక్షణల్లో విన్నది, పుస్తకాల్లో చదివింది ఒక వరసలో పెట్టి రాస్తున్నాను.

ఈ చరిత్ర అంతా చూస్తే నాకు ఒక సంగతి కనపడింది. పిల్లను కాపాడగలిగినా, కాపాడలేకపోయినా, చాలాసార్లు తేలింది ఒక చిన్న ప్రశ్న దగ్గరే. ఈ పిల్లకు ఎన్నేళ్ళు? ఆ వయసు ఎక్కడ రాసి ఉంది? పుస్తకం రాయడం విలువ ఏందో సంఘం ఆడవాళ్ళకు ఎవరూ చెప్పక్కర్లేదు. పది రూపాయలు జమ అయినా రాస్తాం. ఆ అలవాటుతోనే ఈ చరిత్ర చదవండి.

లెక్క రాయించిన కాలం

మనకు కట్నం బాధ తెలుసు. వెనకటికి కొన్ని కులాల్లో దానికి తిరగబడిన పద్ధతి ఉండేది. మగపిల్లవాడి వైపు వాళ్ళు ఆడపిల్ల తండ్రికి డబ్బు ఇచ్చి పిల్లను పెళ్ళి చేసుకునేవాళ్ళు. దాన్నే కన్యాశుల్కం అన్నారు. డబ్బు ఉన్నది ముసలివాళ్ళ దగ్గర. కాబట్టి పసిపిల్లలను ముసలివాళ్ళకు కట్టబెట్టేవాళ్ళు. వాళ్ళు చచ్చిపోతే పిల్ల పదేళ్ళకే విధవ. గుండు చేయించి, మూల కూచోబెట్టేవాళ్ళు.

విజయనగరం మహారాజు ఆనంద గజపతి ఒక పని చేసినాడు. అప్పటి విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ళలో బ్రాహ్మణ కుటుంబాల్లో జరిగిన ఇట్లాంటి పెళ్ళిళ్ళ జాబితా రాయించినాడు. ఆ లెక్కను గురజాడ అప్పారావు గారు 1897లో అచ్చయిన తన కన్యాశుల్కం నాటకం ముందుమాటలో ఇచ్చినారు. మొత్తం 1034 పెళ్ళిళ్ళు. అందులో ఐదేళ్ళ పిల్లలు 99 మంది. నాలుగేళ్ళ వాళ్ళు 44 మంది. మూడేళ్ళ వాళ్ళు 36 మంది. రెండేళ్ళ వాళ్ళు ఆరుగురు. ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ ఏడాది పిల్లల వెల 350 నుంచి 400 రూపాయల దాకా పలికింది. డబ్బు తీసుకున్నామని ఎవరూ తేలిగ్గా ఒప్పుకోరు, కాబట్టి బయటికి రానివి ఇంకా ఉండే ఉంటాయి.

ఆ జాబితా రాయక ముందు "ఎక్కడో ఒకటీ అరా జరుగుతాయిలే" అని మాట దాటేసే వీలుంది. రాసినాక ఆ వీలు లేదు. ఈ నాటకాన్ని 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడినారు. జనం నవ్వుకుంటూ చూసినా, దాని కింద ఈ పసిపిల్లల లెక్క ఉంది.

అంతకు ముందే రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం గారు 1874లో ధవళేశ్వరంలో ఆడపిల్లలకు బడి పెట్టినారు. 1881 డిసెంబరు 11న మొదటి విధవా వివాహం జరిపించినారు. ఊరు వెలివేసింది. వంటవాళ్ళు రాలేదు, నీళ్ళు మోసేవాళ్ళు రాలేదు. ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ గారు తానే నీళ్ళు మోసుకొచ్చి, తానే వండి పెట్టినారు. పెద్ద పెద్ద మాటలు మగవాళ్ళవి అయినా, వెలి బాధ మోసింది ఆమె కూడా. ఊర్లో ఒక పెళ్ళి ఆపినాక మనతో మాటలు మానేసే ఇళ్ళు ఉంటాయి కదా. ఆ బాధ మనతో మొదలు కాలేదు.

పదేళ్ళ గీత

1860లో తెల్లదొరల ప్రభుత్వం శిక్షాస్మృతి రాసింది. అందులో పదేళ్ళ లోపు పిల్లతో మగవాడు కలిస్తే, భర్త అయినా సరే, అది మానభంగం అని పెట్టినారు. పదేళ్ళు దాటిన భార్య అయితే ఆ నేరం కిందికి రాదు. గీత అక్కడ గీసినారు.

ఆ గీత ఎంత అన్యాయమో 1890 ప్రాంతంలో కలకత్తాలో తెలిసింది. ఫూల్మణి అనే పిల్ల. పదేళ్ళు దాటి పదకొండు నిండీ నిండని వయసు. ముప్పై దాటిన భర్త ఆమె మీద పడితే రక్తం పోయి చచ్చిపోయింది. కేసు కోర్టుకు పోయింది. పిల్లకు పదేళ్ళు దాటినాయి కాబట్టి మానభంగం కేసు నిలవలేదు. చిన్న నేరం కింద ఏడాది శిక్ష పడింది, అంతే. ఆ పిల్ల తల్లి కోర్టులో సాక్ష్యం చెప్పింది. తర్వాత 1891లో ఆ గీతను పదేళ్ళ నుంచి పన్నెండేళ్ళకు జరిపినారు. పన్నెండు! దానికే దేశమంతా గొడవ అయింది. మా ఇళ్ళ సంగతుల్లో దొరలు చెయ్యి పెట్టకూడదని పెద్ద పెద్ద మనుషులు సభలు పెట్టి అరిచినారు.

అదే కాలంలో బొంబాయిలో రుక్మాబాయి అనే ఆమె ఉన్నారు. పదకొండేళ్ళకే పెళ్ళి చేసినారు. పుట్టింట్లోనే ఉండి చదువుకున్నారు. పెద్దయినాక కాపురానికి రమ్మంటే, నా ఇష్టం లేకుండా చేసిన పెళ్ళి నాకొద్దు అన్నారు. భర్త 1884లో కోర్టుకు పోయినాడు. 1887లో కోర్టు కాపురానికి పో, లేదంటే ఆరు నెలలు జైలుకు పో అని తీర్పు చెప్పింది. జైలుకే పోతాను అన్నారామె. చివరికి డబ్బు ఇచ్చి రాజీ చేసుకుని విడిపోయినారు. ఇంగ్లండు పోయి డాక్టరు చదివి వచ్చి, సూరత్, రాజకోట ఆసుపత్రుల్లో ఏళ్ళ తరబడి పని చేసినారు. పిల్లప్పుడు చేసిన పెళ్ళి నాది కాదు అని చెప్పే హక్కు ఆ రోజు చట్టంలో లేదు. ఈ రోజు ఉంది. దాని గురించి కింద రాస్తాను.

శారదా చట్టం, ఆరు నెలల తొందర

1928లో ప్రభుత్వం ఒక కమిటీ వేసింది. అందులో రామేశ్వరీ నెహ్రూ గారు సభ్యురాలు. వాళ్ళు దేశమంతా తిరిగి సాక్ష్యాలు తీసుకున్నారు, ఆడవాళ్ళను కూడా అడిగినారు. 1929లో హరబిలాస్ శారదా గారి పేరు మీద చట్టం వచ్చింది. ఆడపిల్లకు 14, మగపిల్లవాడికి 18 ఏళ్ళు నిండాలి. 1930 ఏప్రిల్ 1 నుంచి అమలు.

చట్టం పాసయింది సెప్టెంబరులో, అమలు ఏప్రిల్‌లో. నడుమ ఆరు నెలలు. ఆ ఆరు నెలల్లో దేశమంతా జనం తొందర తొందరగా పసిపిల్లల పెళ్ళిళ్ళు చేసినారు. తర్వాతి జనాభా లెక్కల్లో అది తేటగా కనపడింది. చట్టం వస్తే జనం మారరు, దారి వెతుక్కుంటారు అని మొదటిసారి అప్పుడే తెలిసింది.

ఇంకో రెండు లోపాలు ఉన్నాయి. ఒకటి, పోలీసులు తమంతట తాము పట్టుకోవడానికి లేదు. ఎవరో ఒకరు కోర్టుకు పోయి ఫిర్యాదు చెయ్యాలి, దానికి పూచీ కూడా కట్టాలి. పల్లెలో ఎవరు పోతారు? రెండు, ఆ చట్టం తెల్లదొరల పాలన ఉన్న చోటే పని చేసింది. కర్నూలు, కడప, కోస్తా జిల్లాలు మద్రాసు కింద ఉన్నాయి కాబట్టి మనకు వర్తించింది. నది దాటితే నైజాం రాజ్యం, అక్కడికి ఆ చట్టం పోలేదు. మన పల్లెల్లో అటు పిల్లను ఇటు, ఇటు పిల్లను అటు ఇచ్చుకోవడం మామూలే. ఆలోచించండి.

అన్నిటికంటే పెద్ద లోపం వేరే. పిల్లకు 14 నిండినాయా లేదా అని ఎట్ల తెలుస్తుంది? మా అవ్వ తన వయసు చెప్పేటప్పుడు "పెద్ద గాలివాన వచ్చిన ఏడు పుట్టినా" అంటుండె. ఏ పుస్తకంలో రాసి ఉంది? చట్టంలో అంకె ఉంది, ఊర్లో అంకె లేదు. స్వాతంత్య్రం వచ్చినాక 1949లో ఆడపిల్లకు 15 చేసినారు. 1978లో 18, మగపిల్లవాడికి 21 చేసినారు. పుట్టుకలు, చావులు తప్పకుండా నమోదు చెయ్యాలని 1969లో వేరే చట్టం వచ్చింది. అయినా పిల్ల పుడితే పంచాయతీలో రాయించాలన్న ధ్యాస మన పల్లెలకు చాలా ఆలస్యంగా వచ్చింది.

దేవుడి పేరు మీద

మా రాయలసీమలో బసివి అంటారు. చిత్తూరు వైపు మాతమ్మ అంటారు. తెలంగాణలో జోగిని అంటారు. పేరు ఏదైనా, పిల్లకు ఊహ తెలియక ముందే దేవుడికి వదిలి, పెద్దయినాక ఊరి మగవాళ్ళకు వదిలే పద్ధతి. ఎక్కువగా వదిలింది పేద దళిత ఇళ్ళ పిల్లలనే. ఇంట్లో జబ్బు చేసిందని, మగపిల్లలు లేరని, కరువు వచ్చిందని మొక్కుకునేవాళ్ళు. మొక్కు పెద్దలది, బతుకు పిల్లది.

డాక్టరు ముత్తులక్ష్మీ రెడ్డి గారు మద్రాసు శాసన మండలిలో మొదటి మహిళా సభ్యురాలు. దేవదాసీ పద్ధతి పోవాలని 1927 నుంచి అక్కడ పట్టు పట్టినారు. ఆమె తల్లి ఆ కులంలో పుట్టినావిడే. 1930లో ఆశ్రయం కోసం వచ్చిన ఆడపిల్లలను తన ఇంట్లోనే పెట్టుకున్నారు. అట్ల మొదలైందే మద్రాసులోని అవ్వై హోం. 1947లో మద్రాసు ప్రభుత్వం పిల్లలను దేవుడికి వదలడాన్ని నిషేధిస్తూ చట్టం చేసింది.

చట్టం వచ్చిన నలభై ఏళ్ళకు కూడా పద్ధతి పోలేదు. 1988లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మళ్ళీ చట్టం చెయ్యాల్సి వచ్చింది. ఆ కాలంలో హేమలతా లవణం గారు, ఆమె భర్త లవణం గారు నిజామాబాద్ జిల్లాలో జోగినుల మధ్య పని చేసినారు. హేమలత గారు మహాకవి గుర్రం జాషువా కూతురు. ఆ పని నుంచి మనం నేర్చుకోవలసింది ఒకటుంది. తాడు తెంపినంత మాత్రాన పిల్ల బతుకు మారదు. ఆమెకు చదువు, కూడు, పని, ఊర్లో మర్యాద, పిల్లలకు బడిలో పేరు, ఇవన్నీ కావాలి. లేకపోతే చట్టం ఒక చోట ఆపుతుంది, ఆకలి ఇంకో చోట మొదలు పెడుతుంది.

సీడు పత్తి, సుగ్గి

ఈ సంగతి నేను పుస్తకంలో చదవక్కర్లేదు. మా ఈడు ఆడపిల్లలకు అందరికీ తెలుసు. నంద్యాల, ఆళ్ళగడ్డ వైపు, అటు మహబూబ్‌నగర్ వైపు సీడు పత్తి వేసేవాళ్ళు. సాయంత్రం మొగ్గ చీల్చాలి, పొద్దున్నే వేరే పువ్వు పుప్పొడి తెచ్చి అద్దాలి. క్రాసింగ్ పని అంటారు. ఒక్కొక్క మొగ్గ చేత్తోనే చెయ్యాలి. చిన్న చేతులు, తక్కువ కూలి, ఎదురు చెప్పని నోరు, అందుకని ఆడపిల్లలను పెట్టుకునేవాళ్ళు. అమ్మానాన్నలకు ముందే అడ్వాన్సు ఇచ్చేవాళ్ళు. బడి తెరిచే కాలమూ, ఈ పని కాలమూ ఒకటే. మందు కొట్టిన చేలల్లో పొద్దంతా వంగి నిలబడేవాళ్ళు. నాతో ఐదో తరగతిలో కూచున్న ఆడపిల్లల్లో పదో తరగతి దాకా వచ్చింది కొందరమే.

అప్పటికే పిల్లల పనిపై 1986 చట్టం ఉంది. కానీ అది కొన్ని ప్రమాదకరమైన పనులనే ఆపింది, పొలం పని దాదాపు బయటే ఉండిపోయింది. 1991లో రంగారెడ్డి జిల్లాలో ఎం.వి. ఫౌండేషన్ వాళ్ళు జీతానికి ఉన్న పిల్లలను విడిపించడం మొదలు పెట్టినారు. శాంతా సిన్హా గారు దానికి ముందు నిలిచినారు. వాళ్ళ మాట సూటిగా ఉంటుంది. బడిలో లేని ప్రతి పిల్లా కూలి పిల్ల కిందే లెక్క. ప్రమాదం ఉన్న పని, లేని పని అని తేడా లేదు. ఊరూరా ప్రతి ఇంటి పిల్లల పేర్లు రాసుకుని, ఎవరు బడిలో ఉన్నారు, ఎవరు లేరు అని చూసినారు. మళ్ళీ అదే పని, జాబితా రాయడం. బడి మానినోళ్ళకు శిబిరాలు పెట్టి, వయసుకు తగ్గ తరగతిలో చేర్చినారు. శాంతా సిన్హా గారికి 2003లో మెగసెసే అవార్డు వచ్చింది. 2007లో జాతీయ బాలల హక్కుల కమిషన్‌కు మొదటి అధ్యక్షురాలు అయినారు.

తర్వాత విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. ఆరేళ్ళ నుంచి 14 ఏళ్ళ దాకా చదువు హక్కు అయింది. 2016లో పిల్లల పని చట్టాన్ని మార్చి, 14 లోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టకూడదని, 18 లోపు వాళ్ళను ప్రమాదకరమైన పనిలో పెట్టకూడదని చేసినారు. ఇంటి పనికి, సొంత కుటుంబం పనికి బడి లేని వేళల్లో మినహాయింపు ఇచ్చినారు. ఆ సందులో నుంచి చాలా జరుగుతుంది, అది మనకు తెలుసు.

మా వైపు, ఆదోని, కోసిగి, పత్తికొండ వైపు ఇంకో బాధ ఉంది. సుగ్గి. పంట లేని ఏడు గుంటూరు దిక్కు మిరపకాయలకు, పత్తికి ఇళ్ళకు తాళాలు వేసి పోతారు. ఎదిగిన ఆడపిల్లను వెంట తీసుకుపోతే గుడిసెలో భద్రం లేదు. అవ్వ దగ్గర వదిలిపోతే ఊర్లో భద్రం లేదు. "ఒక అయ్య చేతిలో పెట్టి పోతే మా బాధ్యత తీరుతాది" అంటారు. ఇది చెడ్డ తల్లిదండ్రుల మాట కాదు, భయం మాట. ఆ భయానికి జవాబు చెప్పకుండా "18 నిండలేదు, పెళ్ళి ఆపండి" అంటే సగం పనే చేసినట్టు. పిల్లను కస్తూర్బా బడిలోనో, హాస్టల్లోనో చేర్పించే దాకా మన పని తీరదు.

ఇక్కడ మన సంగతి ఒకటి చెప్పాలి. నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు రాత్రి బడికి పోయి అక్షరాలు నేర్చుకున్నారు. ఆ చదువు నుంచే సారా మీద తిరగబడినారు. ఆ కొట్లాట రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. సారాకు పోయే రూపాయిని మిగుల్చుకుందామని ఆ జిల్లాలోనే పొదుపు లక్ష్మి సంఘాలు లేచినాయి. అంటే మన సంఘాలు పుట్టింది అప్పుల కోసమే కాదు. చదవడం, రాయడం, ఇంట్లో పిల్లల కూడు కాపాడుకోవడం, అక్కడి నుంచి వచ్చినాం మనం.

ఇప్పుడు చేతిలో ఉన్నవి

2007 నవంబరు 1 నుంచి బాల్య వివాహాల నిషేధ చట్టం అమలులో ఉంది. 18 లోపు ఆడపిల్లకు పెళ్ళి చేసినవాళ్ళకు, చేయించినవాళ్ళకు, ఆపకుండా ఊరుకున్న పెద్దలకు రెండేళ్ళ దాకా శిక్ష, లక్ష రూపాయల దాకా జరిమానా ఉంటుంది. ఆడవాళ్ళకు జైలు లేదు, జరిమానా ఉంటుంది. ముందుగా తెలిస్తే కోర్టు ఆపమని ఆర్డరు ఇవ్వచ్చు. ఆర్డరు ఉన్నా చేసిన పెళ్ళి అసలు చెల్లదు. జరిగిపోయిన పెళ్ళి అయితే, ఆ ఆడపిల్ల 20 ఏళ్ళు నిండే లోపల కోర్టుకు పోయి ఈ పెళ్ళి నాకొద్దు, రద్దు చెయ్యండి అని అడగచ్చు. రుక్మాబాయికి దొరకని హక్కు ఇదే. 2017లో సుప్రీంకోర్టు ఇంకో గీత కూడా సరిచేసింది. 18 లోపు భార్యతో భర్త కలిసినా అది నేరమే అని చెప్పింది. ఫూల్మణి చచ్చిపోయిన నూట పాతికేళ్ళకు పైబడినాక.

2012 నవంబరు 14 నుంచి పోక్సో చట్టం ఉంది. 18 లోపు పిల్లల మీద లైంగిక నేరం ఏదైనా దీని కిందికి వస్తుంది. మగపిల్లలకు కూడా వర్తిస్తుంది, ఇది మనలో చాలామందికి తెలియదు. తెలిసి చెప్పకపోవడం కూడా నేరమే. పిల్ల మాట రాసుకోవడానికి పోలీసులు యూనిఫారం లేకుండా, పిల్ల ఉన్న చోటికే రావాలి, వీలైనంత వరకు మహిళా ఎస్సై రావాలి. పిల్లను రాత్రి స్టేషన్‌లో పెట్టుకోకూడదు. ఆడపిల్లకు పరీక్ష మహిళా డాక్టరే చెయ్యాలి, పిల్ల నమ్మిన మనిషి పక్కన ఉండాలి.

ఇన్ని చట్టాలు ఉన్నా 2019-21 మధ్య జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 20 నుంచి 24 ఏళ్ళ ఆడవాళ్ళలో 18 నిండక ముందే పెళ్ళయినవాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 29 మంది, తెలంగాణలో 23 మందికి పైనే. అంటే మన సంఘంలో పది మంది కొత్త కోడళ్ళు ఉంటే ముగ్గురు. వాళ్ళ పేర్లు మీకు తెలుసు, నాకు తెలుసు.

ఆధార్ చాలదు, బడి రిజిస్టరు కావాల

మా మండలంలో ఒక ఊరి సంగతి చెప్తాను, ఊరి పేరు, పిల్ల పేరు వద్దు. తొమ్మిదో తరగతి పిల్లకు సుగ్గికి పోయే ముందు పెళ్ళి కుదిర్చినారు. గ్రామైక్య సంఘం వాళ్ళు పోయి అడిగితే తండ్రి ఆధార్ కార్డు తెచ్చి చూపించినాడు. దాంట్లో 19 ఏళ్ళు. ఎవరికీ నోరు లేవలేదు. అప్పుడు అంగన్‌వాడీ ఆమె "పిల్ల నా చేతుల మీద పెరిగింది, బడి రిజిస్టరు చూద్దాం" అనింది. హెడ్మాస్టరు దగ్గర ఒకటో తరగతిలో చేరినప్పటి పుస్తకం తీయిస్తే 15 ఏళ్ళు. ఆధార్‌లో తేదీ నడుమ మార్పించినారు. అధికారులు వచ్చినారు, పెళ్ళి ఆగింది. పిల్ల కస్తూర్బాలో చేరింది. ఆ ఇంటోళ్ళు మూడు నెలలు సంఘం వాళ్ళతో మాట్లాడలేదు. నాలుగో నెల తల్లి తానే పొదుపు కట్టడానికి వచ్చింది.

చట్టం కూడా అదే వరస చెప్తుంది. పిల్ల వయసు తేల్చేటప్పుడు మొదట బడి ఇచ్చిన పుట్టిన తేదీ పత్రం, లేదా పదో తరగతి సర్టిఫికెట్ చూడాలి. అది లేకపోతే పంచాయతీ, మున్సిపాలిటీ ఇచ్చిన జనన పత్రం. రెండూ లేకపోతేనే డాక్టరు పరీక్ష. ఆధార్ పుట్టిన తేదీకి రుజువు కాదని 2024లో సుప్రీంకోర్టు చెప్పింది. పిల్ల పుట్టిన 21 రోజుల లోపల నమోదు చేయిస్తే పని తేలిక. ఆ రోజు మనం రాయించిన ఒక్క అంకె పదిహేనేళ్ళ తర్వాత ఆ పిల్లకు గోడ అవుతుంది.

ఏది రాయాల, ఏది రాయకూడదు

ఈ చరిత్ర నుంచి మన సమాఖ్యకు నేను చెప్పేది ఇంతే.

ప్రతి గ్రామైక్య సంఘంలో ఒక పుస్తకం పెడదాం. ఊర్లో 18 లోపు ప్రతి ఆడపిల్ల, మగపిల్లవాడి పేరు, బడి రిజిస్టరు ప్రకారం పుట్టిన తేదీ, ఇప్పుడు ఏ తరగతి, ఇవి రాద్దాం. జూన్‌లో ఒకసారి, సుగ్గికి పోయే ముందు ఒకసారి సరిచూద్దాం. బడి మానిన పేరు కనపడితే ఆ ఇంటికి పోదాం. పోయేటప్పుడు బెదిరించడానికి కాదు, హాస్టల్ సీటు, అప్పు, పని, ఏది అవసరమో అడగడానికి పోదాం.

పిల్ల మీద అఘాయిత్యం జరిగితే మాత్రం ఆ పేరు ఏ పుస్తకంలోనూ రాయొద్దు. మినిట్స్‌లో వద్దు, వాట్సప్‌లో వద్దు, సమావేశంలో గట్టిగా చెప్పొద్దు. పిల్ల పేరు బయటపెట్టడం కూడా నేరమే. ఊరి పెద్దలు కూచుని డబ్బు ఇప్పించి రాజీ చేస్తామంటే, లేదా చేసినవాడికే ఇచ్చి పెళ్ళి చేద్దామంటే, ఆ పంచాయితీలో సంఘం వాళ్ళు ఒక్కరు కూడా కూచోవద్దు. పిల్ల చెప్పింది నమ్మండి. ఎందుకు పోయినావు, ఎందుకు ముందే చెప్పలేదు అని అడగొద్దు. 1098కి ఫోన్ చెయ్యండి, డబ్బు పడదు, ఎవరైనా చెయ్యచ్చు. పిల్ల వెంట ఒక నమ్మకమైన ఆడమనిషి ఉండండి.

పిల్ల వయసు గట్టిగా రాయాల, పిల్ల బాధ గుట్టుగా ఉంచాల. ఇన్నేళ్ళుగా మన ఊళ్ళల్లో దీనికి తిరగబడి జరుగుతా వచ్చింది. వయసు దాచినారు, బాధను నలుగురి నోళ్ళల్లో పెట్టినారు. విజయనగరంలో ఆ జాబితా రాయించడానికి ఒక మహారాజు కావలసి వచ్చింది. మనకు మహారాజు అవసరం లేదు. పుస్తకం ఉంది, పెన్ను ఉంది, రాసే చెయ్యి ప్రతి సంఘంలో కనీసం ఒకటుంది.

వచ్చే నెల సమావేశంలో ఈ పుస్తకం మీద తీర్మానం పెడతాను. మీ మీ ఊర్లో బడి రిజిస్టరు ఎవరి దగ్గర ఉందో కనుక్కుని రండి.